సీసా పక్కన పెట్టిన బేసిను

నలుగురు ఆడవాళ్లం నెలకు పైగా సముద్రంలో తెడ్లు వేసుకుంటూ తిరిగాం. నీళ్లలో చేరుతున్న ప్లాస్టిక్ గురించి జనానికి చెప్పాలని చేసిన యాత్ర అది. ముగించుకుని యాడికి మండలంలో ఉన్న మా ఊరికి వచ్చేసరికి నాకు కాస్త తలబిరుసు వచ్చిందని ఒప్పుకోవాలి. బుక్కరాయసముద్రం చెరువులో తెడ్డు పట్టడం నేర్చుకునేటప్పుడు, వాన మొహం ఎరగని సీమలో దీనికి పడవ పిచ్చేందని నవ్వినవాళ్లే ఇప్పుడు ఊరి బడిలో మాట్లాడమని పిలిచారు మరి. అలల మీద ఏరిన ముక్కలు ఒక గాజు సీసాలో నింపి తెచ్చాను. ఇంటికి ఎవరొచ్చినా అదే చూపించడం.

నాయన మాత్రం సీసా వైపు చూడలేదు. మా చూడి ఆవు మూడు రోజులుగా నెమరు వేయడం లేదు. ఎడమ డొక్క ఉబ్బి, తడితే డప్పులా మోగుతోంది. వాము నీళ్లు పట్టారు, నూనె తాగించారు, ఎవరో చెబితే దిష్టి కూడా తీశారు. అది మేత ముందు నిలబడి మూతి తిప్పుకునేది. దవడ కదులుతుందేమోనని నాయన కొట్టంలోనే కూర్చున్నాడు. నాకూ భయం పట్టుకుంది.

పశువుల డాక్టరు వచ్చి, మందులతో తేలేది కాదు, కోయాల్సిందే అన్నాడు. లోపలి దూడ సంగతి చెప్పలేనన్నాడు. నాయన తలూపాడు. ఆవును నిలబెట్టే, డొక్కకు మత్తిచ్చి కోశారు. డాక్టరు మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగుతుంటే నల్లటి పేలికలు ఉండలు ఉండలుగా వచ్చాయి. బేసిను నిండింది. అవేమిటో చూడగానే నాకు తెలిసిపోయింది.

మూడేళ్ల కిందట టమోటా సాళ్ల మీద నల్ల ప్లాస్టిక్ మల్చింగ్ షీటు పరచమని నాయన వెంటపడింది నేనే. తేమ ఆరదని, కలుపు రాదని. పంట అయ్యాక షీటంతా ఏరేద్దామని ఆయన అంటే, ఇంత ఎండలో ఎవరు వంగి ఏరతారు, రోటవేటర్‌తో మట్టిలో కలిపి దున్నించెయ్ అని పెద్ద తెలిసినదానిలా చెప్పాను. చదువుకున్నదాన్నని ఊరంతా నా మాటే పట్టుకుంది. అదే చేలో తర్వాత శెనక్కాయ వేశారు. చెట్టు పీకితే వేళ్లకు చుట్టుకుని పేలికలూ వచ్చాయి. కాయలు తెంపుకుని ఆ ఎండు చెట్ల కట్టెను అట్లాగే కుప్ప పేర్చి వామి వేశారు. కరువులో పశువులకు అదే మేత.

కుట్లు వేసి డాక్టరు, రేపు పొద్దుటికి నెమరు వేస్తే బతికినట్టే అని వెళ్లిపోయాడు.

తెల్లారింది. దవడ కదల్లేదు. నేను బడికి బయల్దేరుతుంటే నాయన ఆ బేసిను తెచ్చి సీసా పక్కన పెట్టాడు.

"ఇది గూడా తీస్కపోమ్మా. సముద్రంలోది ఒకటే చూపిస్తే ఎట్ల? షీటు దున్నమని ఎవురు చెప్పినారో అది గూడా చెప్పు."

వామి మొత్తం తీసి పారేద్దామన్నాను.

"తీసేసి ఏం పెడ్తావు? ఊర్లో ఏ వామి చూసినా ఇదే ఉండాది. నీ మాట ఇనే కదా అందరూ దున్నించినారు."

రెండో ఆవు ఆకలికి అరిచింది. నాయన ఆ వామిలోంచే ఒక మోపు లాగి, కంటికి కనబడిన పేలికలు ఏరి, దాని ముందు వేశాడు.