దానియేలు కారు పందెం, నా రికార్డింగు

ప్రాణస్నేహితుడికి రాబోయే ఉద్యోగాన్ని రెండు క్లిక్కుల్లో పోగొట్టడం మీలో ఎవరికైనా చేతనవునా? నాకు చేతనైంది, అదీ ఇరవై ఏళ్లకే!

చిలకలూరిపేటలో మేం వెళ్లే ఇంటర్నెట్ సెంటరు యజమాని ఒక ఆదివారం కారు పందేల ఆటకు పోటీ పెట్టాడు. గెలిచినవాడికి సెంటరు చూసుకునే ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆ ఆటలో మా దానియేలు పులి. ఓడితే మాత్రం పిడుగురాళ్ల సున్నపుబట్టీలో పనికి పోవాల్సిందే. మిరపకాయల తొడిమలు తీసే వాళ్లమ్మ సంపాదన ఇంటికి చాలడం లేదు.

ఇక నేనా? కంప్యూటర్ మేధావిని! పత్రికతో వచ్చిన సీడీలో, ఆడే ఆటను వీడియో తీసే సాఫ్ట్‌వేరు దొరికింది.

"ఒరేయ్, నీ గెలుపు రికార్డు చేసిపెడతా. మీ అమ్మ రోజూ చూసుకోవచ్చు."

"ముందొకసారి పెట్టి చూశావట్రా?"

"కొత్తదాన్ని ముందే వాడేస్తారా ఎవరైనా?"

మా ఇంట్లో అంతే. కొత్త చొక్కా పండగదాకా పెట్టెలోంచి బయటికి రాదు. కొత్త పళ్లెంలో చుట్టాలొచ్చేదాకా ఎవరూ తినరు. సాఫ్ట్‌వేరుకూ అదే మర్యాద చేసి, పోటీ రోజునే దానియేలు ఆడే కంప్యూటర్లో ఎక్కించాను. పైగా పిసినారితనం ఎందుకని, వీడియో నాణ్యత అన్నిటికన్నా ఎక్కువది ఎంచుకుని, మైకు కూడా తగిలించాను.

ఆ కంప్యూటర్లో తెరమీద బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డు ఆట ఒక్కటి నడపడానికే రొప్పేది. ఇప్పుడు ఆడించాలి, ఆడించిన ప్రతి బొమ్మనూ పట్టి దాచాలి. పందెం మొదలైంది. దానియేలు కారు కాస్త ఉరికి, ఆగి, మళ్లీ ఉరికింది. వాడు కుడికి తిప్పితే, అది గోడకు గుద్దుకున్నాక తీరిగ్గా తిరిగింది.

"ఏరా, చేతులు వణుకుతున్నాయా?" అన్నాడు యజమాని.

"అవునండీ," అన్నాడు దానియేలు.

కారణం నాకు అర్థమైంది. అందరూ తిడతారని నోరు మూసుకున్నాను. వాడు ఆఖరున వచ్చాడు. వీడియో మాత్రం అద్భుతంగా వచ్చింది! సిగ్గుతో ఆ సాయంత్రమే చెరిపేశాను. మర్నాడు వాడు పిడుగురాళ్ల బస్సెక్కుతుంటే ఏడుపొచ్చింది. అప్పుడూ చెప్పలేదు.

ఆరేళ్లకు వాళ్లమ్మ చనిపోయింది. సమాధి దగ్గర అందరూ వెళ్లిపోయాక చెప్పేశాను.

"ఒరేయ్, ఆ రోజు తప్పు నీ చేతులది కాదురా. నా రికార్డింగుది."

"తెలుసురా. ఆడుతున్నంతసేపూ తెర మూలన రికార్డింగు ఎర్రచుక్క వెలుగుతూనే ఉందిగా."

"మరి ఆపమనలేదేం?"

"అందరి ముందూ నిన్ను తిట్టేవాళ్లు కదరా." మళ్లీ వాడే అడిగాడు. "ఆ వీడియో ఉంటే ఇస్తావా? ఆ రోజు అమ్మ చర్చి నుంచి నేరుగా వచ్చి నా వెనకే నిలబడింది. 'తొక్కరా నాయనా, తొక్కు' అని ఒకటే కేకలు. ఆమె గొంతు ఇంకెక్కడా లేదురా."

దాన్ని ఆ సాయంత్రమే చెరిపేశానని చెప్పాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ కొత్త సాఫ్ట్‌వేరునూ పోటీ రోజుదాకా దాచిపెట్టను. నా సిగ్గు దాచుకోవడానికి ఇంకొకరి అమ్మను చెరిపెయ్యను.