నూటికి ముప్పై నాలుగు

'దూరపు చుక్క' అనే అంతరిక్ష సీరియల్‌లో ఏ ఎపిసోడ్‌కీ ఆయన నూటికి ముప్పై నాలుగు మార్కులకు మించి వేసినవాడు కాదు. అలాగని ముప్పై మూడు వేసినవాడూ కాదు. పాసు మార్కు ముప్పై అయిదు. ఏడేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి ఆ నౌక ఎక్కడికి బయల్దేరినా, ఏ గ్రహం మీద దిగినా, ఎన్ని లోకాలను కాపాడినా సరే, ఏడయ్యేసరికి ఒక్క మార్కు తేడాతో ఫెయిలై ఇంటికి చేరేది. అందుకని లిఫ్టుల కంపెనీలో ఆయన అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన ముప్పై నాలుగు. సూపర్‌వైజరుకు మాత్రం బావ, స్వయానా అక్క మొగుడు.

ఇంట్లో బావ వస్తే బావమరిది లేచి నిలబడాలి. ఆఫీసులో సూపర్‌వైజరు వస్తే మెకానిక్కు లేచి నిలబడాలి. ఎవరెప్పుడు కూర్చోవాలో ఇద్దరికీ ఏనాడూ తేలకపోవడంతో, ఇంట్లోనూ ఆఫీసులోనూ నిలబడే మాట్లాడుకునేవారు. పదేళ్లలో ఇద్దరి చెప్పులూ మడమల దగ్గరే అరిగాయి.

ఇరవై రెండేళ్లు లిఫ్టులు బాగుచేసిన మనిషి కాబట్టి బావ విశ్వమంతటినీ తలుపుల వైపునుంచే చూసేవాడు. ఒకే రోజు ఏడుసార్లు తిరిగి తిరిగి వచ్చే ఎపిసోడ్ ఒకటుంది. నౌకలో వాళ్లంతా పొద్దున లేస్తారు, సాయంత్రానికి పేలిపోతారు, మళ్లీ అదే పొద్దున లేస్తారు. దేశమంతా నోళ్లు తెరుచుకుని చూసింది. సూపర్‌వైజరు అక్క అయితే పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదల్లేదు.

"ఎలా ఉందండీ?" అని అడిగింది అంతా అయ్యాక.

"ఏడు రోజులు దొరికాయి. ఏడు రోజుల్లోనూ ఆ కిర్రుమనే తలుపుకు ఒక్కడైనా గ్రీజు పెట్టాడా?"

"వాళ్లు ప్రాణాలు కాపాడుకుంటున్నారు కదా."

"గ్రీజు పెట్టడానికి రెండు నిమిషాలు. ముప్పై నాలుగు."

నౌక నల్లబిలంలో పడ్డ ఎపిసోడ్‌కి కూడా ఇదే గతి పట్టింది. లోపల ఎంతమంది ఎక్కవచ్చో బోర్డు పెట్టకుండా పదకొండు మందిని ఎక్కించుకుంటే పడక ఏం చేస్తుందన్నాడు. మూడు తలల రాజుతో సంధి చేసుకున్న ఎపిసోడ్‌లో, ఆ రాజు లిఫ్టెక్కితే ఒకడి కింద లెక్కా, ముగ్గురి కింద లెక్కా అన్నది తేల్చకుండా సంతకాలు చేశారని మండిపడ్డాడు. ఈ చర్చ కంపెనీ భోజనాల గదిలో ఒకసారి మొదలైతే, గిన్నెలు కడిగే మనిషి విసుగెత్తి బల్లలతో సహా కడిగేసి వెళ్లిపోయాడు. తడిసిన చొక్కాలతో పదిహేను మంది ఇంకా రాజు బరువు గురించే వాదించుకుంటున్నారు. నమ్మనివాళ్లు ఆ చొక్కాలను అడగవచ్చు.

ఇంత నోరున్న మనిషికి ఆ నోట్లోనే ఒక శత్రువు ఉండేది. ఎడమవైపు దవడ పన్ను. రెండు నెలలుగా సలుపుతోంది. తాడు కట్టుకుని పదో అంతస్తు ఎత్తున లిఫ్టు గుంతలో వేలాడడానికి వెనకాడని బావ, పన్ను పీకే ముందు మత్తు సూది వేస్తారని తెలిసిన దగ్గర్నుంచి దంతవైద్యశాల ఉన్న వీధినే మానేశాడు.

"చుట్టూ తిరిగి వెళ్తున్నారు, తెలుసా? పెట్రోలు మండిపోతోంది," అనేది అక్క తమ్ముడితో.

అసలు గొడవ వేరే ఉంది. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే ఆగమేఘాల మీద వెళ్లే జట్టులో బావ మొదటివాడు. ఆయన జోడీ మెకానిక్కు మితభాషి. తోడుండేది బావ కాబట్టి మితభాషి అయ్యాడో, మితభాషి కాబట్టి బావకు తోడయ్యాడో ఎవరికీ తెలియదు. జోడీ పైకప్పు గదిలోకెళ్లి చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టును అంగుళం అంగుళం కదిలిస్తాడు. బావ కింద తలుపు దగ్గర చతికిలబడి, సందులోంచి లోపలి మనిషికి పోయిన శనివారం ఎపిసోడ్ మీద తన అభిప్రాయం చెబుతాడు.

నెల తిరిగేసరికి మూడు ఫిర్యాదులొచ్చాయి. మొదటిది దంతవైద్యురాలు రాసింది. 'గంటసేపు నేను లిఫ్టులో ఉండగా మీ మెకానిక్కు సీరియల్‌లోని మరమనిషికి తగిన శాస్తి జరిగిందన్నాడు. ఆ మరమనిషి ఫొటో మా క్లినిక్కులో ఉంది. క్షమాపణ చెప్పాలి.' రెండోది రిటైరైన లెక్కల మాస్టారిది. జంటగ్రహాల ఎపిసోడ్‌కు ముప్పై నాలుగు మార్కులు అన్యాయమనీ, వెంటనే మళ్లీ దిద్దించాలనీ కోరారు. మూడోది ఒక జంట నుంచి. విడాకుల కోసం లాయరు దగ్గరికి వెళ్తూ ఇరుక్కున్నవాళ్లు. కెప్టెన్ పెళ్లి ఎపిసోడ్ గురించి బావ అన్న మాటలు సహించరానివని ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టి పంపారు. కింద చిరునామా కూడా ఒకటే.

పెద్దాఫీసు మేనేజరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. శనివారం సాయంత్రం అయిదింటికల్లా ఆ మెకానిక్కును గోడౌనుకు బదిలీ చేస్తూ కాగితం మీద సూపర్‌వైజరు సంతకం ఉండాలన్నాడు. గోడౌనులో ఉండేవి నట్లూ బోల్టులూ. వాటికి సీరియల్ మీద అభిప్రాయాలుండవు. బావను అక్కడ పెట్టడమంటే చేపను చెట్టుకు కట్టడమే.

సూపర్‌వైజరు బావను పిలిపించాడు. ఇద్దరూ నిలబడ్డారు.

"లోపల మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే బయట కూర్చుని మార్కులేస్తావా బావా?"

"ఊపిరాడకపోవడమేంటి? ఆ మాస్టారు నన్ను నలభై నిమిషాలు ఆపకుండా తిట్టారు. ఊపిరి లేకపోతే తిట్లెక్కడివి?"

"తిట్టించుకోవడం దేనికి?"

"నేనేం చెయ్యనోయ్. ఆ ఎపిసోడ్ స్థాయి అంతే."

"గోడౌనుకు పంపమంటున్నారు. అక్కకు నేనేం చెప్పుకోను?"

బావ ముఖంలో నవ్వు ఆగిపోయింది. దవడ పట్టుకున్నాడు. "జోడీ ఒక్కడే అయిపోతాడు. వాడికి మాట్లాడడం రాదు," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

ఇక్కడ సూపర్‌వైజరు గుట్టు ఒకటి విప్పక తప్పదు. పదేళ్లుగా లిఫ్టుల కంపెనీలో పనిచేస్తున్నా ఆయన లిఫ్టెక్కడు. ఆరోగ్యం కోసం మెట్లెక్కుతున్నానని అందరికీ చెప్పేవాడు. నిజానికి చిన్నప్పుడు దాగుడుమూతల్లో అక్క ఆయన్ను బీరువాలో దాచి, ఆట మధ్యలో మర్చిపోయి, స్నేహితురాలింటికి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ నాలుగు గోడలు దగ్గరగా కనిపిస్తే ఆయనకు ముచ్చెమటలు పడతాయి. శుక్రవారంనాడు ఆ మెట్ల మీదే మడమ బెణికింది. శనివారం నాలుగింటికి, సంతకం చెయ్యని బదిలీ కాగితం పట్టుకుని ఆరో అంతస్తులోని పెద్దాఫీసుకు వెళ్లాల్సి వచ్చి, దేవుడి మీద భారం వేసి సొంత కంపెనీ లిఫ్టెక్కాడు.

రెండో అంతస్తు దాటింది. మూడోది రాలేదు. ఒక్క కుదుపు. దీపం పోయింది.

సూపర్‌వైజరు గంట నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు నొక్కాడో గంటకే తెలియాలి. గోడలు దగ్గరికొస్తున్నట్టు, బీరువా తలుపు మళ్లీ మూసుకున్నట్టు అయింది. కాసేపటికి పైనుంచి, తలుపు సందులోంచి ఒక గొంతు వినిపించింది.

"లోపలెవరు?"

"నేనే బావా," అన్నాడు. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

"మరమనిషి చచ్చిపోయిన ఎపిసోడ్ చూశావా?"

"తలుపు తియ్యి బావా."

"జోడీ పైకెళ్లాడు. బ్రేకు పట్టేసింది, టైము పడుతుంది. చూశావా లేదా?"

"నేను సీరియళ్లు చూడను."

"మంచిపని చేశావు. దండగమారి ఎపిసోడ్. ముప్పై నాలుగు వేశాను."

లోపల గంట నొక్కడం ఆగింది.

"ఏ ఎపిసోడ్‌కి? మూడు వందల అరవైకా?"

"ఓహో. చూడనివాడికి నంబరు కూడా తెలుసే."

"దానికి ముప్పై నాలుగా? నీకసలు గుండె ఉందా బావా? నౌక తలుపు మూసుకుపోతుంటే రెండు చేతులూ అడ్డం పెట్టి అందర్నీ బయటికి పంపాడు. చివరికి నౌక డాక్టరమ్మ వెనక్కి తిరిగి చూస్తే చెయ్యి ఊపడానికి చెయ్యి ఖాళీ లేక కళ్లల్లో దీపాలు ఆర్పి వెలిగించాడు. నేను రెండు రోజులు అన్నం తినలేదు."

"తలుపు మధ్యలో చెయ్యి పెట్టరాదని ప్రతి లిఫ్టులోనూ రాసుంటుంది. పెట్టాడు. పోయాడు. తప్పెవరిది?"

"పదకొండు ప్రాణాల కోసం పెట్టాడు."

"చీపురుకట్ట పెట్టాల్సింది."

"అంతరిక్షంలో చీపురుకట్ట ఎక్కడిది బావా?"

"ఏడేళ్ల నుంచి తిరుగుతున్న నౌక. ఒక్కరోజూ ఊడవరా?"

దాంతో సూపర్‌వైజరు శివాలెత్తిపోయాడు. నౌకలో దుమ్ము పీల్చే గొట్టాలుంటాయని నలభై ఆరో ఎపిసోడ్ సాక్ష్యంగా చూపించాడు. ఆ గొట్టాలు అరవై ఒకటో ఎపిసోడ్‌లో తగలబడ్డాయి కదా అన్నాడు బావ. డెబ్భైలో బాగుచేశారన్నాడు సూపర్‌వైజరు. చీకట్లో వేలు ఆడిస్తూ, బెణికిన కాలిని నేలకేసి కొడుతూ, ఒక్క మార్కు కోసం పార్లమెంటులో కూడా ఎవరూ వాదించనంత వాదించాడు. లిఫ్టు మెల్లగా మూడో అంతస్తు చేరింది. తలుపు తెరుచుకుంది. ఆయన వాదిస్తూనే బయటికొచ్చి, వాదిస్తూనే బావ పక్కన నేలమీద కూర్చుని, "ఒక్క మార్కు. ఒక్కటంటే ఒక్కటి కలపడానికి నీకేం పోయింది?" అన్నాడు.

పైనుంచి జోడీ దిగి వచ్చాడు. "యాభై నిమిషాలు సార్," అన్నాడు. ఆ ఏడాది అతని ప్రసంగం అదే.

సూపర్‌వైజరు వెనక్కి తిరిగి చూశాడు. బీరువా అంత చీకటి పెట్టె. అప్పుడు వణికాయి ఆయన కాళ్లు, బయటికొచ్చాక, తీరిగ్గా.

"మీ అక్క చెప్పిందిలే బీరువా సంగతి," అన్నాడు బావ నేలకేసి చూస్తూ. "భయపడకండి అని చెబితే ఎవరూ వినరోయ్. పది మార్కులేస్తే పిచ్చివాడని వదిలేసి మళ్లీ భయం దగ్గరికే పోతారు. ఒక్క మార్కు తగ్గించి చూడు. చచ్చినా వదలరు."

"మరి ఇంట్లో కూడా ముప్పై నాలుగే అంటావుగా."

"అక్కడొకటి ఇక్కడొకటి చెబితే మాటకు విలువుంటుందా?"

"నిజంగా ఎన్ని బావా? ఆ ఎపిసోడ్‌కి?"

బావ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తొంభై తొమ్మిది."

"ఆ ఒక్కటీ?"

"చీపురుకట్ట."

సూపర్‌వైజరు మిగతా మూడు అంతస్తులూ కుంటుకుంటూ మెట్లే ఎక్కి, అయిదుకు రెండు నిమిషాలుండగా మేనేజరు ముందు మూడు ఫిర్యాదులూ పరిచాడు. "వీళ్లంతా గంటకు తక్కువ కాకుండా ఇరుక్కున్నారు సార్. భయమేసిందని గానీ, చీకటని గానీ, ఆలస్యమని గానీ ఒక్క ముక్క ఉంటే చూపించండి. సంతకం పెడతాను."

మేనేజరు మూడు కాగితాలూ రెండేసి సార్లు చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. "బదిలీ సంగతి అలా ఉంచు," అన్నాడు చివరికి. "మరమనిషి ఎపిసోడ్‌కి ముప్పై నాలుగేమిటయ్యా? ఎలా వేశాడసలు?" ఆ కాగితం ఇప్పటికీ ఆయన కళ్లజోడు పెట్టె అడుగున సంతకం లేకుండా పడి ఉంది. మాస్టారికి మాత్రం కంపెనీ ముద్రతో జవాబు వెళ్లింది: మళ్లీ దిద్దే సౌకర్యం లేదు.

మరుసటి సోమవారం బావ దవడ బంతిలా ఉబ్బింది. అక్క ఒకవైపు, తమ్ముడు ఒకవైపు పట్టుకుని క్లినిక్కుకు మోసుకెళ్లారు. గోడమీద మరమనిషి ఫొటో, కింద కుర్చీలో బావ. దంతవైద్యురాలు ఆ గొంతును వెంటనే గుర్తుపట్టింది. సూది తీసి, "తగిన శాస్తి అన్నది మీరే కదూ?" అంది తియ్యగా. బావ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నోరు కూడా మూసుకున్నాడు. దాన్ని తెరిచే తాళంచెవి దంతవైద్యురాలి దగ్గర లేదు.

సూపర్‌వైజరు పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బావ సమక్షంలో ఆయన కూర్చోవడం పదేళ్లలో రెండోసారి.

"బావా, శనివారం నన్ను బయటికి తీశావు చూడు, ఆ పని గురించి ఆలోచించాను."

బావ ఒక కన్ను తెరిచాడు.

"ముప్పై నాలుగు."

రెండో కన్నూ తెరుచుకుంది. ఆ వెంటనే నోరు. "ఏంటీ? యాభై నిమిషాలు నేలమీద కూర్చుని, నడుం పట్టేసి, నిన్ను గోరు కూడా చిట్లకుండా తీస్తే..."

సూది ఎప్పుడు వెళ్లిందో, ఎప్పుడు వచ్చిందో ఆయనకు తెలియదు. ఇంకా ఏ పనికి ఎన్ని మార్కులో మొద్దుబారిన నాలుకతో వాదిస్తూనే ఉన్నాడు, పన్ను పళ్లెంలో టంగుమని పడేదాకా. బావ పన్ను కేసి చూశాడు. బావమరిది కేసి చూశాడు. నోట్లో దూది కుక్కి ఉండటంతో మూడు వేళ్లు చూపించి, ఆ తర్వాత అయిదు చూపించాడు. ముప్పై అయిదైనా వెయ్యమని.

సూపర్‌వైజరు తల అడ్డంగా ఊపాడు. దంతవైద్యురాలు కూడా ఊపింది. ఇంట్లో నుంచి తెచ్చిన శాలువా కప్పుతూ అక్క కూడా.