మూసిన గదిలో వెచ్చదనం

ఆ చలి ఊళ్లో ఇళ్లను వెచ్చబరచడానికి గొట్టాల్లో వేడినీళ్లు పంపే ఉమ్మడి సంఘంలో టోర్కిల్ ముప్పై ఏళ్లుగా ఫిట్టర్. బొగ్గు బాయిలర్ ఆపేసి సముద్రపు నీటి నుంచి వేడి తీసే పంపులు పెట్టాక, గొట్టాల్లో నీళ్లు మునుపటంత వేడిగా రావడం లేదు. అందుకే గదిగదిలో ఆ నీళ్లతో వేడెక్కే ఇనుప రేడియేటర్లన్నీ కొద్దికొద్దిగా తెరిచి ఉంచితేనే ఇల్లు వెచ్చబడుతుంది. టోర్కిల్ చూడ్డానికి వెళ్లేసరికి, డాగ్ని అనే ముసలావిడ మాత్రం వంటింట్లోది ఒక్కటే తెరిచి, కోటు వేసుకుని వణుకుతోంది.

"మీ కొత్త పంపులు నన్ను చంపేట్టున్నాయి, టోర్కిల్!"

"పంపులు కాదు, నీ పిసినారితనం. తాళం వేసిన ఆ గదిలోది కూడా తెరువు."

"అది మా ఆయన గది. ఆయన పోయాక తలుపు తీయలేదు."

టోర్కిల్ నాలుక కరుచుకున్నాడు. పొదుపని పంపులు పెట్టారు, మనుషులు వణికితే అదేం పొదుపు? రేడియేటర్లు ఎలా వాడాలో చెబుతూ సంఘం పంచిన కాగితంలో ఇలాంటి గదుల మాటే లేదు. అతను బూట్లు విప్పి, ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ కూర్చున్నాడు. కాసేపటికి ఆమే తాళంచెవి తెచ్చి, ఆ గది తలుపు తీసి, రేడియేటర్ పిడి చూపించింది.

"నువ్వే తిప్పు."

"ఇద్దరం తిప్పుదాం."

ఇనుము మెల్లగా వెచ్చబడింది. డాగ్ని కోటు విప్పి, భర్త మంచం మీద కూర్చుంది.