చెకింగమ్మ కూరలో ఉప్పు

బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర, ఇళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళ సంచులు తడిమి చూడడం ఆవిడ ఉద్యోగం. అందుకే అందరూ చెకింగమ్మ అంటారు, కట్టుకున్న మొగుడితో సహా. టిఫిన్ డబ్బా మూత తీయించి, అడుగున జిప్పులు దాచారేమోనని వేలితో తట్టి మరీ చూసే మనిషి. ఆ బుద్ధి గేటు దగ్గరే వదిలేసి ఇంటికి రావచ్చుగా? రాదు. కూరలవాడు తూకం వేస్తే త్రాసు కింద చూస్తుంది. పక్కింటావిడ నవ్వితే ఎందుకు నవ్విందా అని ఆరా తీస్తుంది. తన నీడను కూడా నమ్మని ఆ మనిషి నమ్మింది ఒక్కదాన్నే, తన చేతిని. గుప్పెడు ఉప్పు తీసి గిన్నెలో చల్లిందంటే ఇక రుచి చూడడం ఉండదు. రుచి చూడడమంటే తన చేతిని తనే అనుమానించడం!

అలాంటి చేతికి పోయిన పండక్కి మచ్చ పడింది. మాంసం కూర నోట్లో పెట్టుకోగానే చుట్టాలందరూ నీళ్ళ గ్లాసుల మీద పడ్డారు. ఉప్పు కషాయం! ఎవరూ పైకి అనలేదు గానీ ఆవిడకు తల కొట్టేసినట్టయింది. తను వేసింది ఒక్క గుప్పెడు. మరి మిగతాది ఎవరు వేశారు? ఆ రోజు పొయ్యి దగ్గర తచ్చాడుతూ కనబడింది కోడలు. ఆస్పత్రిలో నర్సు, నెమ్మదస్తురాలు, నోట్లో నాలుక లేనట్టుంటుంది. గేటు దగ్గరైతే అలాంటివాళ్ళనే రెండోసారి తడమాలి. అత్త పరువు తీసి వంటగది చేజిక్కించుకుందామని కాకపోతే ఇంకెందుకు? రిటైరయ్యే వయసు, ఉద్యోగం ఇవాళో రేపో అయిపోతుంది. ఆ పొయ్యి కూడా పోతే ఇంట్లో తనను పట్టించుకునేదెవరు? ఆవిడ భయమంతా అదే.

అందుకే ఈ పండక్కి పీట తెచ్చి వంటగది గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది. ఉప్పు వేసేసింది. ఇక చీమ కూడా లోపలికి పోవడానికి లేదు.

ముందు కోడలొచ్చింది. "అత్తయ్యా, చుట్టాలొచ్చే వేళయింది, మీరు స్నానం చేసి రండి. కూర నేను చూస్తాలెండి."

"చూస్తావని తెలుసులే. వెళ్ళి ప్లేట్లు తుడువు."

తర్వాత మొగుడొచ్చాడు. గడియారాలు బాగుచేసే మనిషే గానీ, ఇంట్లో ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు. అలాంటివాడు, "ముందుగదిలో కర్టెన్ వంకరగా ఉంది, ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. ఆవిడ చూసింది కర్టెన్ వైపు కాదు, అతని ముఖం వైపు. అతను వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ వెనకే, అదే ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే, ప్రతి పండక్కీ వీళ్ళింటికి వచ్చే స్నేహితురాలు. "అక్కా, కొత్త చెప్పులు కొన్నావటగా, చూపించవూ?"

ఆ చెప్పులు అరిగి అవతల పారేసి కూడా చాన్నాళ్ళయింది. చెకింగమ్మకు ఒళ్ళు మండింది. కోడలు సరే, మొగుడు, ప్రాణస్నేహితురాలు కూడా చేతులు కలిపారా! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, తను పట్టి తీరుతుంది.

"స్నానానికి పోతున్నా" అని అందరికీ వినబడేలా చెప్పి, లోపల కుళాయి విప్పి, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చింది. అనుకున్నంతా అయింది. మొగుడి చేతిలో మూత. పక్కనే స్నేహితురాలు. కోడలి గుప్పిట గిన్నె మీద.

"చెయ్యి తెరువు!"

అది గేటు దగ్గరి గొంతు. మూత జారి నేల మీద గింగిరాలు తిరిగింది. కోడలు గుప్పిట విప్పింది. అందులో ఉప్పు.

"అంటే పోయినసారీ నువ్వేనన్నమాట!"

"అవునత్తయ్యా."

"నేనూ వేశాను" అన్నాడు మొగుడు.

స్నేహితురాలు తల దించుకుంది. "నేను కూడా అక్కా. ఒకరికి తెలియకుండా ఒకరం వేశాం. అందుకే అంత ఉప్పయింది. ఈసారి ముగ్గురం మాట్లాడుకుని, ఒక్కరే వెయ్యాలనుకున్నాం."

"నేను వేశాక మళ్ళీ మీరు వెయ్యడమేంటి?"

"నువ్వు వేసింది పడట్లేదు" అన్నాడు మొగుడు. "గట్టు మీద రాలింది రోజూ తుడుస్తున్నది నేనే. చెప్తే నమ్మేదానివా? ఇదిగో ఉప్పు డబ్బా, మళ్ళీ వెయ్యి."

ఆవిడ గుప్పెడు తీసి, విసురుగా పొయ్యి దాకా వెళ్ళి చెయ్యి విప్పింది. నాలుగు పలుకులు రాలాయి. వెనక్కి చూస్తే డబ్బా నుంచి పొయ్యి దాకా గట్టు పొడుగునా తెల్లటి చార. వేళ్ళ సందుల్లోంచి అంతా జారిపోయింది, జారుతున్నట్టు ఆవిడకు తెలియనే లేదు. ఏదైనా మాయ చేశారేమోనని డబ్బా అడుగు తిప్పి చూసింది. ఏ మాయా లేదు.

"గేటు దగ్గర కూడా..." అని స్నేహితురాలు మాట మింగేసింది. మింగినా అర్థమైంది. ఈ మధ్య సంచుల్లో ఒక్క జిప్పూ దొరకడం లేదు. దొంగలు తెలివి మీరారనుకుంది ఆవిడ.

కోడలు ఆవిడను పీట మీద కూర్చోబెట్టి, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. "కళ్ళు మూసుకోండి అత్తయ్యా. ఈ వేలు తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"ఇది?"

"తెలియకేం! నా చేతికేమొచ్చింది?"

"ఇప్పుడు?"

"తెలుస్తోందని చెప్తున్నాగా!"

"నేనింకా ఏ వేలూ ముట్టుకోనేలేదు అత్తయ్యా."

ఆవిడ కళ్ళు తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. వీధి గుమ్మంలో చుట్టాల మాటలు వినిపిస్తున్నాయి.

"కూర అడుగంటుతోంది" అంది చివరికి. "వెళ్ళి ఉప్పు వెయ్యి."