ప్యాడ్‌లో పెట్టిన డప్పు

నేను ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొన్నది మోజుతో కాదు, మా సంఘం పెద్దల సణుగుడు పడలేక. మెదక్‌లో మాది చిన్న చర్చి. కాలేజీ రోజుల నుంచీ అక్కడ పాటలకు డ్రమ్స్ వాయించేది నేనే. మామూలు డ్రమ్స్‌కు ముసలివాళ్ల గుండెలు అదురుతున్నాయన్నారు. సరేనని రబ్బరు ప్యాడ్ల సెట్టు తెచ్చాను. దాని సొంత శబ్దాలు రేకుల మీద వాన పడ్డట్టున్నాయి. అందుకని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ప్యాడ్ కొడితే సాఫ్ట్‌వేర్‌లోని డ్రమ్ మోగేటట్టు చేసుకున్నాను. మొదట్లో ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపించింది. సెట్టు తన శబ్దం తాను చేస్తోంది, వెనకే సాఫ్ట్‌వేర్ అదే దెబ్బ అందుకుంటోంది. సెట్టు శబ్దం పూర్తిగా తగ్గించాక కుదిరింది. మా కమిటీకి అలాంటి మీట లేదు.

క్రిస్మస్‌కు జానపద బాణీలో ఒక పాట కట్టారు. మా చిన్నాయన డప్పు కొడతాడు. పెళ్లికైనా చావుకైనా టేక్మాల్ దాకా ఆయననే పిలుస్తారు. ఆ పాటకు ఆయనను నా పక్కన కూర్చోబెట్టుకుంటానన్నాను.

“వద్దు చెల్లె. శవం ముంగట కొట్టేది చర్చిలకెట్ల తెస్తం?” అన్నాడు కమిటీ పెద్ద.

“మీ తాత ఏం కొట్టిండన్నా? వీణనా?”

“గవన్నీ ఇప్పుడెందుకు? నీ కంప్యూటర్ల గా సౌండు ఉండదా? గది పెట్టు, మంచిగుంటది.”

వెతికాను. నా సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్రికా డోళ్లున్నాయి, జపాన్ డోళ్లున్నాయి, డప్పు లేదు. చిన్నాయన డప్పునే రికార్డు చేద్దామనుకున్నాను. ముందు శబ్దం చర్చిలోకి పోతే, వెనకాల మనిషిని తీసుకుపోవడం తేలికని నా లెక్క. ఆ మాటే ఆయనకూ చెప్పాను.

“నన్ను డబ్బల పెట్టి తోల్తవా బిడ్డా?” అని నవ్వాడు గానీ, వచ్చాడు. డప్పుతోపాటు గడ్డికట్ట కూడా తెచ్చాడు. తోలు మంటకు కాపకుండా కొట్టడట. డాబా మీద మంట పెట్టేసరికి పక్కింటామె బకెట్‌తో ఉరికొచ్చింది.

“ఏమైందక్కా, అంటుకున్నదా?”

“ఇంకా అంటుకోలే. జర బకెట్ కింద పెట్టు.”

కాచిన డప్పును గదిలోకి తెచ్చి, గట్టి దెబ్బలు ముందు, మెత్తటివి తర్వాత రికార్డు చేశాను. ఆలోపు తోలు చల్లారింది. ప్యాడ్ గట్టిగా కొడితే డప్పు, మెల్లగా కొడితే తడిసిన అట్టపెట్టె! మళ్లీ మొదలు. “గీ కంప్యూటర్ కంటె పెండ్లోళ్లు నయం, కల్లన్న పోస్తరు” అని తిట్టుకుంటూనే ప్రతి వరుసకూ ముందు కాచి కొట్టాడు. లావు పుల్ల దెబ్బ ఒక ప్యాడ్‌కు, సన్న పుల్ల దెబ్బ ఇంకో ప్యాడ్‌కు పెట్టాను.

పోతూ పోతూ గుమ్మంలో ఆగి, “అయితే కొత్త అంగీ కుట్టిచ్చుకోనా?” అన్నాడు.

“కుట్టిచ్చుకో” అన్నాను. నా నోటికి అడ్డేముంది!

క్రిస్మస్ రోజు ఆ అంగీతోనే చివరి బెంచీలో కూర్చున్నాడు. పాటకు చర్చి ఊగిపోయింది. అయిపోగానే కమిటీ పెద్ద లేచి మైకు అందుకున్నాడు: “మన చెల్లె కంప్యూటర్ల నుంచి డప్పు పుట్టిచ్చింది!”

నేను లేచి నిలబడ్డాను. “నేను పుట్టియ్యలేదన్నా. గా ఎనక కూసున్న మా చిన్నాయన కొట్టిండు. ముంగటికి పిలువుండ్రి.”

తలలన్నీ వెనక్కి తిరిగాయి. చిన్నాయన లేచి అంగీ కిందికి లాక్కున్నాడు. కమిటీ పెద్ద మాత్రం కళ్లజోడు సర్దుకుని, కానుకలు పట్టే పాట ఏదో చెప్పి కూర్చున్నాడు. జనం పాడటం మొదలుపెట్టారు. చిన్నాయన ఎంతసేపు అలా నిలబడ్డాడో నేను చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది.

బయట కమిటీ పెద్ద నన్ను పక్కకు పిలిచాడు. “సౌండు మస్తుంది చెల్లె, అట్లనే ఉంచు. మనుషులను తెచ్చి పరేషాన్ చెయ్యకు.”

కొత్త సంవత్సరం ఆరాధనలో మళ్లీ అదే పాట కావాలన్నారు. ఆ రెండు ప్యాడ్ల నుంచి డప్పు తీసేసే వెళ్లాను. కొట్టాను, మోగలేదు.

“సౌండేదీ?” అన్నాడు పెద్ద.

“ఇంటికాడున్నడు. ఫోన్ చెయ్యుండ్రి, వస్తడు.”

ఎవరూ ఫోన్ తీయలేదు. చప్పట్లు కొడుతూ పాట అందుకున్నారు. బాగానే పాడారు కూడా. నాకు మండింది అందుకే.