చంద్రమ్మ వదిలిన ఖాళీలు

ఉదయం ఆరున్నరకి పటాన్‌చెరులో జహీరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ చేతిలో పెట్టాడు. యాభై రెండేళ్ల తెలుగు టీచర్ని, సెలవు పెట్టి మరీ ఒక ఫంక్ ఆల్బమ్ కోసం వెళ్తున్నానంటే మా ఆయనే నమ్మలేదు. ఫంక్ అంటే బేస్ గిటార్ ముందుండి నడిపించే సంగీతం. వింటుంటే కాలు ఊరుకోదు.

జహీరాబాద్ చర్చిలో బేస్ వాయించే సామ్యేలు నా పాత విద్యార్థి. సొంతంగా చేసిన ఆల్బమ్ నాకు ఫోన్లో పంపాడు. ఆరు ట్రాకుల్లో నాలుగోది పాట కాదు, బేస్ తాళం మీద నడిచే మాట. నీళ్లు పారే భూమిని ఫ్యాక్టరీ కోసం బీడని రాసుకుపోయిన అధికారులను, కోహీర్ దగ్గరి కూలీ చంద్రమ్మ కడిగిపారేస్తుంది. ఎన్నిసార్లు విన్నానో! మొన్న సామ్యేలు ఫోన్ చేసి, "చంద్రమ్మ తన మాట తీసెయ్యమంటున్నది టీచర్" అన్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. సంగతేమిటో ఆమెనే అడగాలనిపించింది.

సదాశివపేట దాటాక పక్క సీటావిడ, "ఏం వింటున్నవమ్మా, గంత తల ఊపుతున్నవ్?" అంది. ఒక ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టాను. కాసేపు విని, "ఒక్కతే గిన్ని మాటలన్నదా? ఆమెకేం కాకుంటే మంచిదే" అంది.

ఎనిమిదింబావుకి దిగాను. బస్టాండ్ ముందు ఇడ్లీ, చాయ్ కలిపి నలభై రూపాయలు. అక్కడి నుంచి సామ్యేలు బండి మీద, చెరకు లారీలను తప్పించుకుంటూ అల్లం చేనుకి చేరేసరికి నా నడుం పని అయిపోయింది.

చంద్రమ్మతో కలిపి పదకొండు మంది ఆడవాళ్లు అల్లం తవ్వి మట్టి దులుపుతున్నారు. ఎందుకు తీసెయ్యమన్నావని అడిగితే చంద్రమ్మ పని ఆపలేదు. "పటేల్ ఫోన్ల విన్నడు. తియ్యకుంటె రేపటి సంది పనికి రావొద్దన్నడు" అంది. ఆ చేను ఆసామి ఆయనే. ఫ్యాక్టరీకి భూమి అమ్మాలని చూస్తున్నాడట. "కూలి పోతె ఏం తినాలె టీచరమ్మా?"

నా ఉక్రోషానికి నాకే సిగ్గేసింది. "మాట్లాడినప్పుడు భయం వెయ్యలేదా?" అని అడిగాను.

"నేనొక్కదాన్నే యాడ మాట్లాడిన? చేన్ల ఒకామె మాట అంటే, మిగిలినోళ్లు 'ఔ, మేమన్నం' అంటరు. గందుకే మాటమాటకు ఆగిన. గీ సామ్యేలు ఆగినకాడల్లా కోసిపడేసిండు."

సామ్యేలు తల పట్టుకున్నాడు. "మాట యాదికి రాక ఆగుతున్నదనుకున్న టీచర్!" ఒంటరిగా గదిలో కూచోబెట్టి రికార్డు చేసి, తాళం తప్పుతుందని ఖాళీలన్నీ తీసేశాడట. "చర్చిలో పాస్టర్ ఆగితే ఆమెన్ అంటావు కదరా, ఇది తెలీలేదా నీకు?" అని కసిరాను.

కోయకముందుది అతని ఫోన్లో ఉంది. అక్కడే పెట్టించాను. నా ఫోన్లో రికార్డింగ్ మొదలుపెట్టాను. "నీళ్లు పారే భూమిని బీడని రాసిన్రు" అని చంద్రమ్మ గొంతు ఆగింది. ఎవరూ పలకలేదు. పటేల్ ఏమన్నాడో అందరికీ తెలుసు. రెండో మాట వచ్చింది, ఆగింది. అందరిలోకి పెద్దామె మల్లమ్మ, మట్టిలోంచి చేతులు తియ్యకుండానే, "ఔ, మేమన్నం" అంది. మూడో మాటకి పదిమందీ అన్నారు. చివర్లో ఎవరి పేరు వాళ్లు చెప్పారు, ఎవరూ అడక్కుండానే.

చంద్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "తియ్యకు సామ్యేలు. గిట్లనే పెట్టు" అంది.

వాళ్ల జొన్నరొట్టె, పచ్చికారం నాకూ పెట్టారు. తింటుండగా పటేల్ వచ్చాడు. మల్లమ్మే నా ఫోన్ తీసుకుని ఆయనకి రికార్డింగ్ వినిపించింది. పేర్లన్నీ అయ్యేదాకా విని, ఇంకా తవ్వని సాళ్ల వంక చూసి, బండెక్కి పోయాడు.

నాలుగింటి బస్సు దొరికింది. కిటికీ పక్క సీటే, కానీ కుదురుగా కూచోలేకపోయాను. ఒక గొంతు వెతుక్కుంటూ వెళ్లినదాన్ని, పదకొండు మంది గురించి బెంగతో తిరిగొస్తున్నాను. నా మూలంగా అందరి కూలీ పోతే?

సంగారెడ్డి దగ్గర సామ్యేలు ఫోన్ చేశాడు.

"పటేల్ కబురు పంపిండు టీచర్. రేపు ఏడింటికల్ల పనికి రావాల్నట. పదకొండు మందీ."