మెసైమీర్ మీదుగా

తొంభైల్లో దోహాలో మాకు చర్చి లేదు. శుక్రవారం అల్ ముంతజాలో ఒక విల్లా హాల్లో తలుపులు మూసుకుని, చప్పట్లు కూడా మెల్లిగా కొట్టుకుంటూ ఆరాధన చేసుకునేవాళ్ళం. ఆ సంఘం నల్లజాతివాళ్ళది. ఇళ్ళల్లో పనిచేసే తెలుగువాళ్ళం కొందరం వెనక చాపల మీద కూర్చునేవాళ్ళం. సంఘానికి పెద్ద, అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి టీచరమ్మ. వాళ్ళ పట్నంలో రోగుల దగ్గర కూర్చునేదీ, పోయినవాళ్ళను సాగనంపేదీ చర్చి ఆడవాళ్ళేనట. అందుకని ఆమెన్ అన్నాక ఎవర్నీ కదలనిచ్చేది కాదు. "ఇప్పుడు చెప్పండి, ఎవరికి ఏం కావాలి?" అనేది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. వారానికి ఒక్క పూట సెలవు, అందులోనూ పనేనా అని!

ఓసారి మా రాజోలు వైపు పిల్ల మొగుడు, ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేసేవాడు, గుండె ఆగి పోయాడు. ఆ పిల్ల మెసైమీర్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. సంఘం చేతులు ముడుచుకు కూర్చోలేదు. శవాన్ని ఊరికి పంపే కాగితాలకు ఒకరు తిరిగారు, పెట్టెకు ఒకరు, కొత్త చొక్కా ఇంకొకరు తెచ్చారు. అన్నీ అయ్యాయి గానీ ఆ పిల్లకు మొగుడి ఆఖరిచూపు మాత్రం దక్కలేదు. బయటికి పంపితే పారిపోతుందని వాళ్ళ మేడం భయం. టీచరమ్మ గేటు దగ్గర నిలబడి బతిమాలింది. నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "మాఫీ, మాఫీ", కుదరదు కుదరదంటూ ఆవిడ తలుపేసేసింది.

పెట్టెను విమానాశ్రయానికి తీసుకెళ్ళే డ్రైవరు మన కడప అబ్బాయే. బతిమాలి ఆ పిల్ల ఉండే వీధి మీదుగా పోనివ్వమన్నాం. ఆ ఇంటికి ఫోన్ చేస్తే అదృష్టం కొద్దీ ఆ పిల్లే ఎత్తింది. "మేడ మీద బట్టలారేసే చోట నిలబడవే. తెల్ల వ్యాను వస్తుంది, అందులోనే మీ ఆయన" అని చెప్పాను. ఆ ఊళ్ళో వ్యాన్లన్నీ తెల్లవేనని ఎవరికి తట్టింది, నా ఖర్మ!

టీచరమ్మా నేనూ పెట్టెతో పాటే వ్యానెక్కాం. మేం సందు తిరిగేసరికి మా ముందు రొట్టెల కంపెనీ తెల్ల వ్యాను పోతోంది. అది సరిగ్గా ఆ ఇంటి పక్క కొట్టు దగ్గర ఆగింది. మేడ మీద ఆ పిల్ల చున్నీ నోట్లో కుక్కుకుని, దాన్నే చూస్తూ గుండెలు బాదుకుంటోంది. అది కాదే, ఇటు చూడవే అని అరవబోయాను. మేడం వాకిట్లోనే ఉందని టీచరమ్మ నా నోరు మూసింది. రొట్టెల వ్యాను కదిలింది. ఆ పిల్ల మొహం కప్పుకుని కూలబడిపోయింది. మా వ్యాను ఆ మేడ కిందుగానే వెళ్ళింది. తను తలెత్తలేదు.

మర్నాడు తనే ఫోన్ చేసింది.

"చూశాను వదినా. నా కోసం ఆగాడు. కాసేపు ఆగి మరీ వెళ్ళాడు."



"ఆగాడే తల్లీ" అన్నాను.